ఈ ఫోటో వాడుకోవచ్చా అని ఎవరిని అడగాలి?

తెలుగు వికీపీడియాలో ఒక రచయిత మీదో రంగస్థల నటుడి మీదో వ్యాసం రాయాలంటే సమాచారానికి పెద్దగా కరువుండదు. పాత పత్రికలుంటాయి, సంస్మరణ సంచికలుంటాయి, ఆ మనిషిని ఎరిగినవాళ్లుంటారు. ఫోటో దగ్గరకొచ్చేసరికి పని ఆగిపోతుంది. దొరక్క కాదు, ఇంటర్నెట్లో వెతికితే నిమిషంలో పది దొరుకుతాయి. వాటిలో ఏది ఎవరు తీశారో మాత్రం తెలియదు. తెలియకుండా పెడితే అక్కడి నిబంధనలు ఒప్పుకోవు. మన అచ్చు పత్రికలకూ వెబ్ పత్రికలకూ చాలావాటికి ఈ బెడద లేదు. బొమ్మ కింద ‘ఫోటో: గూగుల్’ అనో ‘ఇంటర్నెట్ సౌజన్యంతో’ అనో వేసి ముందుకు పోతారు. గూగుల్ ఆ ఫోటోను వెతికి చూపించిందంతే, దాన్ని ఇచ్చే హక్కు గూగుల్‌కు లేదు. ఎండలో నిలబడి, వెలుతురు చూసుకుని, సరైన క్షణం కోసం కాచుకున్న మనిషి పేరు ఆ రెండు మాటలతో చెరిగిపోతుంది. నాకిది చిన్న విషయంగా కనిపించదు.

ఓపెన్ లైసెన్సుల మీద తెలుగులో వచ్చే పరిచయ వ్యాసాలు ఎక్కువగా లైసెన్సుల రకాలు చెప్పి ఊరుకుంటాయి. రకాలు తెలుసుకోవడం అరగంట పని. అసలు చిక్కంతా అడగడంలో ఉంది. ఎవరిని అడగాలో ముందుగా తేల్చుకోం. తేల్చుకున్నా సగమే అడుగుతాం. ఈ సమీక్షలో ఎక్కువ చోటు ఆ రెండింటికే ఇస్తున్నాను.

మన దేశంలో దీనికి ఆధారం 1957 నాటి కాపీరైట్ చట్టం. ఫోటోకు కర్త ఎవరంటే తీసిన వ్యక్తేనని చట్టం సూటిగా చెబుతుంది. ఫోటోలో ఉన్నవారు కర్త కారు, ప్రింటును బీరువాలో దాచినవారూ కారు, స్కాన్ చేసి ఫేస్‌బుక్‌లో పెట్టినవారు అసలే కారు. అయితే కర్త ఒకరు, తొలి హక్కుదారు మరొకరు అయ్యే సందర్భాలున్నాయి. వాటిని 17వ సెక్షన్ వివరిస్తుంది. డబ్బిచ్చి పురమాయించి తీయించుకున్న ఫోటోకు, వేరే ఒప్పందమేదీ లేకపోతే, తీయించుకున్నవారే తొలి హక్కుదారు. జీతం మీద పనిచేసే ఫోటోగ్రాఫర్ ఉద్యోగంలో భాగంగా తీసినదానికి యజమాని హక్కుదారు. పత్రికా ఉద్యోగి విషయంలో మాత్రం యజమాని హక్కు పత్రికల్లో ప్రచురించుకోవడం వరకే. మిగతా హక్కులు, వేరే ఒప్పందం లేనంతవరకు, ఫోటోగ్రాఫరువే. చాలామంది ప్రెస్ ఫోటోగ్రాఫర్లకే ఈ సంగతి తెలియదు.

ఈ సెక్షన్ మన ఇళ్లలోని ఆల్బంల దగ్గర ఎంత తేడా తెస్తుందో చూడండి. 1970ల్లో ఒక కవి విజయవాడలో ఏదో స్టూడియోకు వెళ్లి, డబ్బు కట్టి, ఫోటో తీయించుకున్నాడనుకుందాం. అట్ట అడుగున స్టూడియో ముద్ర ఉంటుంది. ఆ ముద్ర చూసి హక్కు స్టూడియోదే అనుకుంటాం. చట్టప్రకారం తొలి హక్కు కవిది, ఆయన తర్వాత వారసులది. కూతురో కొడుకో రాసిస్తే ఆ ఫోటోను ఓపెన్ లైసెన్సు కింద విడుదల చేయవచ్చు. అదే కవి సభలో మాట్లాడుతుండగా అభిమాని ఒకాయన తన కెమెరాతో తీసి, అభిమానం కొద్దీ ఒక ప్రింటు ఇంటికి పంపాడనుకోండి. ప్రింటు కుటుంబం దగ్గరే ఉన్నా హక్కు అభిమానిదే. ఆల్బంలో రెండు ఫోటోలూ పక్కపక్కనే ఉంటాయి. ‘అన్నీ వాడుకోండి బాబూ, నాన్నగారి పేరు నలుగురికీ తెలిస్తే చాలు’ అని ఇంట్లోవాళ్లు మంచి మనసుతో అనేస్తారు. మొదటిదానికి ఆ మాట చెల్లుతుంది, రెండోదానికి చెల్లదు. అందుకే ఆల్బం ముందేసుకుని కూర్చున్నప్పుడు ఒక్కో ఫోటోకూ ఇది ఎవరు తీశారు, డబ్బిచ్చి తీయించుకున్నదేనా అని అడిగి రాసుకోవాలి. వికీపీడియా ఫోటోల భండారమైన వికీమీడియా కామన్స్‌లో అనుమతి ఉత్తరాలు చూసే వాలంటీర్లు మామూలుగా ఫోటోగ్రాఫర్ మాటే కోరుతారు. వారసులు ఉత్తరం రాస్తుంటే, ఇది మా నాన్నగారు ఫలానా ఊళ్లో డబ్బిచ్చి తీయించుకున్న ఫోటో, మేమే వారసులం అని విడమరిచి రాయించాలి. ఇక సెల్‌ఫోన్ల కాలంలో, మన ఫోను పక్కవాళ్ల చేతికిచ్చి తీయమంటే, నొక్కినవారే కర్త. ఫోను ఎవరిదన్న ప్రశ్న చట్టానికి అక్కర్లేదు.

పాత ఫోటోల్లో కొన్నింటికి ఎవరినీ అడగక్కర్లేదు. 2012 సవరణ దాకా ఫోటోకు కాపీరైటు, ప్రచురించిన ఏడాది ముగిశాక 60 ఏళ్లు. ఆ సవరణతో మిగతా రచనల్లాగే ఫోటోగ్రాఫర్ జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు అయింది. అప్పటికే గడువు తీరినవి తిరిగి హక్కుల కిందికి రావు గనుక 1951 చివరిలోగా మన దేశంలో అచ్చయిన ఫోటోలు అందరివీ అయిపోయాయి. ఎన్నడూ అచ్చుకెక్కక ట్రంకుపెట్టెలో ఉండిపోయిన ఫోటోకు ఈ లెక్క నేరుగా వర్తించదు. ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1905లో చనిపోయాడు. ఆయన తీసిన హైదరాబాదు ఎవరి అనుమతీ లేకుండా మన పుస్తకాల్లోకి రావచ్చు. వాటి స్కాన్ల మీద సొంత హక్కు చెప్పుకునే సంస్థలున్నాయి. ఉన్నదాన్ని ఉన్నట్టు దించిన స్కాన్‌కు కొత్త కాపీరైటు పుట్టదని నా అభిప్రాయం. 2007లో ఈస్టర్న్ బుక్ కంపెనీ, డి.బి.మోదక్ కేసులో సుప్రీంకోర్టు శ్రమ, ఖర్చు మాత్రమే చాలవని, కొంతైనా సృజన ఉండాలని చెప్పింది. ఆ వివాదం తీర్పుల ప్రచురణ మీద వచ్చింది. అయినా అందులోని సూత్రం స్కాన్లకు చక్కగా సరిపోతుంది. న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియం 2017లో 3,75,000 చిత్రాలను ఏ షరతూ లేకుండా వదిలేసింది. మన మ్యూజియంలు అలా చేయడానికి అడ్డేమిటో నాకు అర్థం కాదు.

గడువు తీరనివాటికి అనుమతి కావాలి. మామూలు అనుమతి అడిగిన ఒక్కరికి, అడిగిన ఒక్క పనికి ఉంటుంది. ఓపెన్ లైసెన్సు అడగనివారికి కూడా, రేపు పుట్టబోయే వాడకాలకు కూడా ముందుగానే ఇచ్చే అనుమతి. లారెన్స్ లెస్సిగ్, మరికొందరు కలిసి 2001లో పెట్టిన క్రియేటివ్ కామన్స్ సంస్థ 2002 డిసెంబరులో తొలి లైసెన్సులు విడుదల చేసింది. ఇప్పుడు వాడుకలో ఉన్న ఆరింటిలోనూ తీసినవారి పేరు చెప్పడం తప్పనిసరి. దానిమీద మూడు షరతులను రకరకాలుగా కలుపుకోవచ్చు. మార్చి వాడితే అదే లైసెన్సుతో పంచాలన్నది ఒకటి, వ్యాపారానికి వాడకూడదన్నది ఒకటి, అసలు మార్చకూడదన్నది ఒకటి. ఏ షరతూ వద్దనుకునేవారికి 2009 నుంచి సీసీ జీరో ఉంది. 2004లో మొదలై ఇవాళ 10 కోట్ల పైచిలుకు ఫైళ్లున్న వికీమీడియా కామన్స్, వ్యాపారం కూడదు, మార్పులు కూడదు అనే షరతులున్న ఫోటోలను తీసుకోదు. దాతలు మాత్రం సరిగ్గా ఆ షరతులే కోరుకుంటారు.

వ్యాపారానికి వాడకూడదన్న షరతు చూడ్డానికి న్యాయంగా ఉంటుంది. నేను ఉచితంగా ఇస్తే మరొకడు సొమ్ము చేసుకోవడమేమిటి అనిపించడం సహజం. ఆచరణలో ఆ గీత ఎక్కడుందో చెప్పడం కష్టం. ప్రకటనలు వేసుకునే చిన్న పత్రిక వ్యాపారమా? వంద రూపాయలకు అమ్మే ఊరి చరిత్ర పుస్తకమో? జర్మనీలో డాయిచ్‌లాండ్‌రేడియో అనే ప్రజా ప్రసార సంస్థ ఈ షరతు ఉన్న ఫోటోను వెబ్‌సైట్లో వాడుకుంది. 2014 మార్చిలో కొలోన్ కింది కోర్టు, ఈ షరతు ఉంటే సొంత అవసరానికి తప్ప మరి దేనికీ వాడరాదంది. అదే ఏడాది అక్టోబరులో పై కోర్టు ఆ వాదాన్ని తోసిపుచ్చింది. సంస్థ గెలిచిందా అంటే గెలవలేదు. ఫోటో అంచు కత్తిరించినప్పుడు అక్కడున్న ఫోటోగ్రాఫర్ పేరు పోయింది, దానికి తప్పుపట్టారు. న్యాయమూర్తులకే రెండు రకాలుగా కనిపించిన షరతును ఊరి చరిత్ర రాసుకునే రిటైర్డ్ మాస్టారు ఎలా తేల్చుకుంటారు? భయపడి ఫోటో మానేస్తారు. ఆ షరతు పెట్టినవారికి కావలసిందీ అది కాదు.

ఇక అడగడం. ఎక్కువసార్లు జరిగేది ఇది. వాట్సాప్‌లో ‘సార్, మీరు తీసిన ఫలానా ఫోటో చాలా బాగుందండి, వికీపీడియాలో పెట్టుకోవచ్చా?’ అని పంపుతాం. ‘తప్పకుండా పెట్టుకోండి, సంతోషం’ అని జవాబొస్తుంది, రెండు దండాల బొమ్మలతో. ఇద్దరికీ పని అయిపోయినట్టుంటుంది. కానీ అడిగింది వికీపీడియాకు మాత్రమే, ఇచ్చింది అంతవరకే. వికీపీడియాకు మాత్రమే ఇచ్చిన ఫోటో వికీపీడియాకే పనికిరాదు, ఎందుకంటే అక్కడున్నదాన్ని ఎవరైనా ఎక్కడైనా వాడుకోగలగాలి. పైగా వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో కుంచించుకుపోతుంది, కెమెరా, తేదీ వివరాలు రాలిపోతాయి. తీసింది ఈయనే అనడానికి ఫైల్లో ఉన్న ఆధారం అలా పోతుంది. డాక్యుమెంటుగా పంపమనాలి, లేదా అసలు ఫైలును ఈమెయిల్లో తెప్పించుకోవాలి.

లైసెన్సు రాతపూర్వకంగా ఉండాలని మన చట్టంలో 30వ సెక్షన్ అడుగుతుంది. కాబట్టి ఫోన్లో ‘సరేనమ్మా’ అన్నది అనుమతిగా నిలవదు. రాత ఎలా ఉండాలో కామన్స్ ఒక నమూనా ఇస్తుంది, దాని సారం తెలుగులో చెప్పుకోవచ్చు. ఈ ఫోటో నేనే తీశాను, లేదా దీని హక్కులు పూర్తిగా నావి. దీన్ని ఫలానా పేరు, ఫలానా వెర్షన్ లైసెన్సు కింద విడుదల చేస్తున్నాను. ఎవరైనా, వ్యాపారానికైనా, మార్చుకునైనా వాడుకోవచ్చని నాకు తెలుసు. దీన్ని వెనక్కి తీసుకోలేనని కూడా తెలుసు. ఇంత రాసి ఏ ఫైలో గుర్తుపట్టేలా పేరో లంకో ఇచ్చి, ఫోటోగ్రాఫర్ తన సొంత మెయిలు నుంచి వికీమీడియా అనుమతుల చిరునామాకు పంపాలి. మనం ఫార్వర్డ్ చేసినదానికి బలం తక్కువ. మెయిలు పంపామని ఫైలు మీద రాసి ఉంచితే నెల రోజులు ఆగుతారు. ఏ సమాచారమూ లేకపోతే తొలగింపు గుర్తు పడిన వారానికే తీసేస్తారు.

దాత అడిగే అసలు ప్రశ్న ఒకటుంటుంది. ‘రేపెవరైనా నా ఫోటో క్యాలెండరు మీద వేసి అమ్ముకుంటేనో?’ అమ్ముకోవచ్చండి, మీ పేరు వేసి తీరాలి అన్నదే నిజమైన జవాబు. ‘అబ్బే, అలా ఎవరూ చెయ్యరు సార్’ అని చెప్పి అనుమతి రాబట్టేవాళ్లను చూశాను. అది మోసమే. అమెరికాలో కేరల్ హైస్మిత్ అనే ఫోటోగ్రాఫర్ వేల ఫోటోలను ప్రజల కోసం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు ఇచ్చేశారు. ఆమె తీసిన ఫోటోనే ఆమె సంస్థ వెబ్‌సైట్లో వాడుకున్నందుకు 120 డాలర్లు కట్టమని ఆమెకే నోటీసు వచ్చింది. ఫోటోలు అమ్మే గెట్టీ ఇమేజెస్ సంస్థ మీద ఆమె 2016లో వేసిన దావాలో కాపీరైటు వాదనలు నిలవలేదు. హక్కులన్నీ వదులుకున్నవారికి నిలబడే చోటు ఉండదు. పేరు చెప్పాలన్న షరతుతో ఇచ్చినవారి సంగతి వేరు. కాపీరైటు వారిదగ్గరే ఉంటుంది, షరతు తప్పినవాణ్ణి నిలదీయవచ్చు. ఈ తేడా చెప్పి, సీసీ జీరో కన్నా పేరు చెప్పే లైసెన్సే ఎంచుకోమని నేను ఫోటోగ్రాఫర్లకు సలహా ఇస్తాను. ఇంకా జంకితే, తక్కువ సైజు ఫోటోను ఓపెన్ చేసి పెద్ద ఫైలు తన దగ్గరే ఉంచుకునే వీలుంది. కృత్రిమ మేధకు మేతగా వాడరా అని ఇప్పుడు కొత్తగా అడుగుతున్నారు. చట్టం అనుమతి అక్కర్లేదన్నచోట లైసెన్సు షరతులు పనిచేయవు, ఆ మాట కూడా ముందే చెప్పాలి.

ఫ్లికర్ అనే ఫోటోల వెబ్‌సైట్లో పని సులువు. 2004 నుంచి అక్కడ ఫోటో పక్కనే లైసెన్సు కనిపిస్తుంది. ఓపెన్‌గా లేకపోతే మర్యాదగా ఒక సందేశం పంపి, లైసెన్సు మార్చమని కోరవచ్చు. మారిస్తే ఉత్తరాలతో పనిలేదు, కామన్స్ సమీక్షకులు పేజీ చూసి ఆ రోజుకు లైసెన్సు ఇదేనని నమోదు చేస్తారు. తర్వాత ఫోటోగ్రాఫర్ మనసు మార్చుకున్నా, ఆ నమోదు ఉన్న ఫోటోకు ఇబ్బంది రాదు. ఒక జాగ్రత్త. పక్కవాళ్ల ఫోటోలు తమ ఖాతాలో వేసుకుని లైసెన్సు తగిలించేవాళ్లుంటారు. ఒకే ఖాతాలో పది రకాల కెమెరాలు, సినిమా పోస్టర్లు, ఏజెన్సీ ఫోటోలు కనిపిస్తే వదిలేయడం మేలు. సినిమా తారల విషయంలో బాలీవుడ్ హంగామా అనే వెబ్‌సైటు చేసిన మేలు గుర్తుంచుకోదగింది. తమ ఫోటోగ్రాఫర్లు షూటింగుల్లో, వేడుకల్లో తీసినవాటిని పేరు చెప్పి వాడుకోవచ్చని ఒకసారి రాసివ్వడంతో ఎందరో నటీనటుల పేజీలకు ముఖాలొచ్చాయి. స్టిల్స్‌కూ పోస్టర్లకూ ఆ అనుమతి లేదు, వాటి హక్కు నిర్మాతలది. తెలుగు సినిమా వార్తా సంస్థల్లో ఒక్కటైనా ఇలాంటి ఉత్తరం రాస్తే మన తెర చరిత్రకు ఎంత మేలో.

ప్రభుత్వ వెబ్‌సైట్లు ఓపెన్ అని చాలామంది నమ్మకం. అడుగున ఉన్న కాపీరైట్ పాలసీ చదివితే ఆ నమ్మకం పోతుంది. చాలాచోట్ల ఒకటే వాచకం ఉంటుంది: మెయిలు పంపి అనుమతి తీసుకున్నాక ఉచితంగా వాడుకోవచ్చు, ఉన్నదున్నట్టు వాడాలి, కించపరిచేలా వాడకూడదు, మూలం చెప్పాలి. ముందస్తు అనుమతి అడిగేది ఓపెన్ కాదు. ప్రభుత్వ రచనలకు మన దేశంలో ప్రచురణ నుంచి 60 ఏళ్ల కాపీరైటు ఉంది. అమెరికా ఫెడరల్ ఉద్యోగులు తీసినవాటిలా అవి పుట్టుకతో అందరివీ కావు. 2017లో కేంద్రం గెజెట్ చేసిన ఓపెన్ డేటా లైసెన్సు ఒక దారి చూపింది. మన రెండు రాష్ట్రాల సమాచార శాఖలు తమ ఫోటోలకు అలాంటి లైసెన్సు స్పష్టంగా ప్రకటిస్తే, పత్రికలూ బడిపుస్తకాలూ కూడా బాగుపడతాయి.

లైసెన్సు వచ్చినా అన్ని అనుమతులూ వచ్చినట్టు కాదు. 2007లో ఒక ఆస్ట్రేలియా మొబైల్ కంపెనీ, టెక్సాస్ అమ్మాయి ఫోటోను ఫ్లికర్ నుంచి తీసుకుని వ్యాపార ప్రకటనల్లో వేసింది. ఫోటోగ్రాఫర్ ఇచ్చిన లైసెన్సు వ్యాపారానికి అనుమతించేదే. ఆ అమ్మాయిని మాత్రం ఎవరూ అడగలేదు. కేసు అమెరికా కోర్టు పరిధిలోకి రాదని కొట్టేశారు గాని, ప్రశ్న అలాగే మిగిలింది. క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఫోటోలోని మనిషి గోప్యత హక్కును ఇవ్వదు, ఇవ్వలేదు. తిరునాళ్లలో తీసిన పిల్లల ముఖాల దగ్గర నేను ఈ ఒక్క కారణంగా ఆగుతాను. వస్తువుల దగ్గరా తేడాలున్నాయి. ట్యాంక్‌బండ్ మీది విగ్రహాలు బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్నవి గనుక 52వ సెక్షన్ ప్రకారం ఫోటో తీసి ప్రచురించవచ్చు. భవనాలకూ అంతే. గోడల మీద కొత్తగా వేసిన వర్ణచిత్రాలకు ఆ వెసులుబాటు లేదు, చిత్రకారుణ్ణి కూడా అడగాలి.

వాడుకునేటప్పుడు చేయాల్సింది చాలా తక్కువ. ఫోటో కింద తీసినవారి పేరు, ఎక్కడినుంచి తీసుకున్నామో, లైసెన్సు పేరు, కత్తిరించి ఉంటే ఆ మాట. ‘ఫోటో: వికీపీడియా’ అంటే చాలదు. చోటు లేకపోతే పుస్తకం వెనక ఒక పేజీలో అన్నీ కలిపి వేసుకోవచ్చు. అమెరికాలో ఆర్ట్ డ్రాగ్లిస్ అనే ఆయన ఫోటోను ఒక మ్యాపుల సంస్థ అట్లాసు ముఖచిత్రంగా వేసి, పేరూ లైసెన్సూ వెనక అట్ట మీద ఇచ్చింది. 2015లో కోర్టు అది చాలంది. ఒక్క ఫోటో వల్ల అట్లాసు మొత్తాన్ని అదే లైసెన్సు కింద ఇవ్వక్కర్లేదని కూడా తేల్చింది. మన ప్రచురణకర్తల్లో ఈ భయం ఉంది, అది నిరాధారం. జాగ్రత్త పడాల్సింది పాత వెర్షన్ల దగ్గర. 2.0 లైసెన్సులో షరతు తప్పిన క్షణమే అనుమతి పోతుంది, దాన్ని అడ్డం పెట్టుకుని నోటీసులిచ్చి డబ్బు గుంజేవాళ్లు తయారయ్యారు. 2013లో వచ్చిన 4.0లో, తప్పు తెలిసిన 30 రోజుల్లో సరిదిద్దుకుంటే అనుమతి తిరిగొస్తుంది. కొత్తగా ఇచ్చేవారిని 4.0నే వాడమనడానికి ఇదొక్కటి చాలు.

ఎవరు తీశారో ఎంత వెతికినా తెలియనివాటి సంగతి మిగిలింది. చట్టంలో 31ఏ సెక్షన్ ఉంది. పత్రికలో ప్రకటన ఇచ్చి, దరఖాస్తు పెట్టి, నిర్ణయించిన రాయల్టీ జమకడితే ప్రచురణకు లైసెన్సు దొరకవచ్చు. అది దరఖాస్తుదారుకు మాత్రమే, ఓపెన్ లైసెన్సు ఇచ్చే అధికారం దాని కింద ఎవరికీ రాదు. అంటే, తీసినవారి జాడ ఒకసారి పోయిందంటే, గడువు తీరేదాకా ఆ ఫోటో అందరికీ అందే మార్గమే లేదు. 1970లు, 80ల్లో మన సాహిత్య సభలను, నాటక పరిషత్తులను, ఉద్యమాలను తీసినవారిలో చాలామంది ఇప్పుడు వృద్ధాప్యంలో ఉన్నారు. నెగెటివులు అట్టపెట్టెల్లో ఉన్నాయి. ఏ ఏడాది, ఏ ఊరు, ఎవరి పక్కన ఎవరు అన్నది వాళ్లకింకా గుర్తుంది. ఒకే ఉత్తరంలో వాళ్లు తమ ఫోటోలన్నింటికీ లైసెన్సు ఇవ్వవచ్చు, తమ తర్వాత ఎవరిని అడగాలో కూడా అందులోనే రాయవచ్చు. జిల్లా రచయితల సంఘాలూ ఫోటోగ్రాఫర్ల సంఘాలూ కలిసి కూర్చుంటే ఈ ఏడాదే మొదలుపెట్టగల పని ఇది.